కరియ నోట్లో లేచిన గడ్డ

మా కుక్క కరియ నోట్లో గడ్డ లేచిన ఏడాది నేను ఐదోనెల గర్భిణిని. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతూ ఉంది. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. మా అత్తవారిది బాగేపల్లిలో చింతపండు వ్యాపారం. ఆ ఏడాది నేను గడిపిన పది రోజులు ఇప్పటికీ నా మనసులో వరసగా నిలబడవు. ఒకదాని మీద ఒకటి పడిపోతుంటాయి. రాసి పెట్టుకుంటే కుదురుకుంటాయేమో అనిపించింది. ఇంకో ఆశ కూడా ఉంది. ఇంట్లో కుక్కో పిల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, దాని నోటినుంచి చొంగ కారినప్పుడు కర్ర అందుకునే ముందు కాస్త ఆగుతారేమోనని.

కరియ ఎనిమిదేళ్ళ నల్ల కుక్క. పాతపాళ్య నుంచి చింతపండు తెచ్చిన ఎద్దులబండి వెనకాల పిల్లగా ఉన్నప్పుడు నడిచి వచ్చాడట. బండి తిరిగిపోయినా వాడు పోలేదు. మా పెరట్లో పెద్ద రేకుల కొట్టం కింద చింతపండు రాసులు పోసి ఉంటే, వాటి పక్కనే పడుకునేవాడు. మా ఆయన వెంట బజారు దాకా వెళ్ళి వచ్చేవాడు. అత్తమ్మకు మాత్రం మడీ ఆచారం ఎక్కువ. పెరటి గడప దాటి లోపలికి వస్తే చెంబుడు నీళ్ళు విసిరికొట్టేది. "దాన్ని ఆడే ఉండనీండి" అనేది.

మాఘమాసంలో వాడి నోరు వాసన రావడం మొదలైంది. పెట్టిన అన్నం ఒక పక్కనే నమిలేవాడు. తల వంచి, మెడ ఒంపి, కష్టపడి మింగేవాడు. నీళ్ళ మూకుడులో ఒకటి రెండుసార్లు ఎర్రటి చారలు కనిపించాయి. నేను మా ఆయనకు చెప్పాను. "యాడో ఎముక కొరికుంటాడు, గుచ్చుకునుంటాది. పోతాదిలే" అన్నాడు. చింతపండు దిగే కాలం, ఎవరికీ తీరిక లేదు. ఫాల్గుణం వచ్చేసరికి వాడి పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. ఎడమ దవడ కొంచెం ఉబ్బింది. నోరు పూర్తిగా మూతపడేది కాదు. చొంగ తీగలా వేలాడుతుండేది. ఆ రెండు నెలలు మేం చూస్తూ కూడా చూడలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, కూలి ఆడవాళ్ళు కొట్టంలో చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. నేను పెరుగన్నం తీసుకుని వాడి దగ్గరికి వెళ్ళాను. వాడు నాలుక చాపి, తినలేక, ముందుకాలితో మూతిని గీరుకుని మూలిగాడు. చింతకాయ పెంకో, ఈనో పళ్ళ మధ్య ఇరుక్కుందనుకున్నాను. ఎడమ చేత్తో తల నిమురుతూ కుడి బొటనవేలితో పెదవి పైకెత్తాను. వేలికి పన్ను కాదు, మెత్తగా, జిగటగా ఇంకేదో తగిలింది. వాడు కెవ్వుమన్నాడు. తల విదిలించుకున్నాడు. కరిచాడనడం కూడా సరికాదు. వాడి కోరపన్ను నా బొటనవేలి మొదట్లో దిగి, చీల్చుకుంటూ బయటికి వచ్చింది.

రక్తం చూసి కూలి ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళలో పెద్దామె అరిచింది. "అమ్మయ్యో, కుక్క కరిచిండాది! ఆ చొంగ చూడండి, పిచ్చి పట్టిండాది దానికి!"

అంతకు నెల ముందే గూళూరు పక్కన ఒక మనిషిని పిచ్చికుక్క కరిచిందనీ, నీళ్ళ చెంబు చూసి కేకలు పెట్టి చచ్చిపోయాడనీ ఊరంతా చెప్పుకున్నారు. నా చెవుల్లో ఆ మాటలే మోగాయి. మా మరిది శీనయ్య గడ్డపార తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇక్కడ నేనొక నిజం రాయాలి. అప్పుడు అరిచింది నేనే. "చంపెయ్యి శీనయ్యా, దాన్ని చంపెయ్యి!" అన్నాను. ఇన్నేళ్ళు నా చేతి కూడు తిన్న కుక్కను.

ఆపింది అత్తమ్మ. వంటింట్లోంచి తడిచేతులతోనే వచ్చి కొడుకు రెట్ట పట్టుకుంది. "ఆగురా! కడుపుతో ఉండే మనిషి ఇంట్లో ఉంటే జీవం తీస్తారా ఎవురన్నా? గొలుసేసి కట్టు. మీ అన్న రానీ."

కరియ పెరట్లో నిలిపిన బండి కిందికి పోయి ముడుచుకుని పడుకున్నాడు. శీనయ్య పొడుగాటి గడకు ఉరి బిగించి వాడి మెడలో వేశాడు. వాడు ఎదురు తిరగలేదు. వాడిని కొట్టం చివర వేరే గుంజకు కట్టేశారు. అత్తమ్మ నా చేతి గాయంలో గుప్పెడు కారంపొడి అదిమింది. ఆ మంటకు నేను పెట్టిన కేక బజారుకు వినిపించిందట.

మా ఆయన ఆ సాయంత్రం చింతామణి సంత నుంచి వచ్చాడు. నా చెయ్యి చూశాడు, కుక్కను చూశాడు, నా కడుపు వైపు చూశాడు. మాకు మొదటి బిడ్డ ఏడోనెలలో పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ నోటితో అనరు. ఆయన కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు.

బుధవారం తెల్లవారి మొదటి బస్సుకే చిక్కబళ్ళాపురం బయలుదేరాం. ఎత్తు వచ్చినప్పుడల్లా బస్సు ఆగేది. అందరూ దిగి నడిచేవాళ్ళు. నన్ను మాత్రం దిగనివ్వలేదు. ఒక్కదాన్నే ఖాళీ బస్సులో కూచుని చేతి కట్టు చూసుకుంటూ ఉన్నాను. గొంతులో ఏదో పట్టినట్టుండేది. మింగి చూసుకునేదాన్ని. మళ్ళీ మింగేదాన్ని.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద నా పక్కన సోమేనహళ్ళి నుంచి వచ్చిన ఒక పెద్దామె కూచుంది. భర్తకు జ్వరమట. నా ముఖం చూసి ఏం జరిగిందని అడగలేదు. మూటలోంచి చెంబు తీసి, "మజ్జిగ తాగమ్మా, ఎండన పడి వచ్చినట్లుండావు" అంది. ఆ చెంబు చేతిలోకి తీసుకోవడానికి నాకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో ఆమెకు తెలియదు. తాగలేకపోతే? గొంతు మూసుకుపోతే? కళ్ళు మూసుకుని ఎత్తాను. మజ్జిగ చల్లగా దిగింది. చెంబు ఖాళీ చేసి ఏడ్చేశాను. ఆమె నా వీపు నిమిరింది, అంతే.

డాక్టరు గాయంలో కారం చూసి కోప్పడ్డాడు. సబ్బునీళ్ళతో చాలాసేపు కడిగించి, ఏదో మందుతో కాల్చాడు. తర్వాత మా ఆయనను అడిగాడు. "కుక్కను చంపినారా?"

"లేదు సార్, కట్టేసి పెట్టిండాము."

"మంచి పని చేసినారు. పిచ్చి ఉండే కుక్క ఎక్కువ దినాలు బతకదు. కరిచిన దినం నుంచి పది దినాలు అది బతికుంటే ఆ కాటులో విషం లేనట్లే. నడమ చచ్చిపోయిందంటే మాత్రం నిలబడిన పాటున బెంగళూరికి పోవల్ల. పద్నాలుగు దినాలు, పొట్ట మీద సూదులు."

నా చేతులు వాటంతటవే కడుపు మీదికి వెళ్ళాయి. "ఐదోనెల సార్. మొదటి బిడ్డ నిలబడలేదు" అన్నాను.

డాక్టరు ఈసారి నాతోనే అన్నాడు. "నన్నడిగితే ఈ పొద్దే పొమ్మంటానమ్మా. సూదులతో కడుపులో బిడ్డకేమైతుందో నేను చెప్పలేను. పిచ్చి లేస్తే మాత్రం ఇద్దరూ దక్కరు. దానికి మందు లేదు. ముందు మీ కుక్కను పశువుల డాక్టరుకు చూపించండి. ఆయన మాటను బట్టి చూద్దాం."

గురువారం చిక్కబళ్ళాపురం నుంచి పశువుల డాక్టరు మా ఇంటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇంట్లో కన్నడం మాట్లాడేవాడే అయినా మాతో చక్కగా తెలుగు మాట్లాడాడు. రాగానే కుక్క దగ్గరికి పోలేదు. పది అడుగుల దూరంలో గోనెసంచి మీద కూచుని గంటసేపు ఊరికే చూశాడు. "కరియా" అని పిలిచాడు. వాడు తోక ఆడించాడు. నీళ్ళు పెట్టించాడు. వాడు నాలుక చాచి, సగం కిందపోసుకుంటూ తాగాడు.

"నీళ్ళు తాగుతా ఉండాడు కదా సార్, పిచ్చి లేనట్లే కదా?" అన్నాడు శీనయ్య.

"పిచ్చి కుక్క గూడా నీళ్ళు తాగుతాదప్పా. దాన్ని నమ్ముకోవద్దు. ఈ చొంగ ఎన్ని దినాలుగా కారుతా ఉండాది?"

"రెండు నెలలుగా" అన్నాను గడపలోంచి.

ఆయన నా వైపు తిరిగాడు. ఆయన ముఖం మీద మొదటిసారి కొంచెం వెలుగు చూశాను. "రెండు నెలలా? పిచ్చయితే రెండు నెలలు యాడ బతుకుతాదమ్మా? ఇది వేరే ఏదో జబ్బు. అయినా జబ్బు కుక్కను పిచ్చికుక్క కరిచి ఉండకూడదని లేదు కదా. పది దినాలు గడవాల్సిందే."

తోలు చేతొడుగులు తొడుక్కుని, వాడి దవడల మధ్య అడ్డంగా కట్టె పెట్టించి, నోరు తెరిపించి చూశాడు. కింది దవడకు ఎడమపక్క, నాలుక కిందినుంచి నిమ్మకాయంత గడ్డ. నల్లగా, పగిలిన తొక్కలా ఉంది. దాని మీద రెండు పళ్ళు వదులై ఊగుతున్నాయి. అంత దూరానికీ వాసన కొట్టింది. నా బొటనవేలికి తగిలింది అదే.

"రాచపుండు" అన్నాడు డాక్టరు. "మనుషులకు వచ్చేదే. ఇంగ్లీషులో క్యాన్సర్ అంటారు."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కుక్కకు గూడా వస్తాదా నాయనా? అదేం వక్కాకు, పొగాకు నమిలిందా?"

"నమిలేపని లేదమ్మా. కుక్కలకు వస్తాది, పిల్లులకూ వస్తాది. మాఘంలోనే, శనగగింజంత ఉన్నప్పుడే నా దగ్గరికి తెచ్చింటే కోసి తీసే వీలుండునేమో. ఇప్పుడు ఎముకలోకి దిగిపోయిండాది." ఆయన చేతులు కడుక్కుంటూ మా ఆయనతో మెల్లగా అన్న మాట నాకు వినిపించింది. "ఇంకెనిమిది దినాలు మీకు వీడు కావల్ల. వీడికి మాత్రం ఇంక ఒక్క దినం గూడా వద్దు."

ఏ జబ్బుతో పోయినా సరే, పది రోజుల లోపల వాడు పోతే నేను బెంగళూరుకు వెళ్ళాలి. వాడు ఆకలితో పోయినా అంతే. కాబట్టి వాడిని బతికించాలి. ప్రేమతో కాదు. ఆ మాట దాచను.

రాగిపిండితో పలచగా అంబలి కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి, మూకుడును పొడుగాటి కర్రతో వాడి ముందుకు తోసేవాళ్ళం. వాడు మూతి ముంచి పీల్చుకునేవాడు. మొదటి రెండు రోజులు ఈ పని కూలి మనిషి చేసింది. మూడో రోజు ఆమె భయపడి రాలేదు. ఆ రోజు నుంచి అత్తమ్మ చేసింది. ప్రతి పూటా పెట్టి వచ్చి, బావి దగ్గర నీళ్ళు పోసుకుని, తడిచీరతో లోపలికి వచ్చేది. రోజుకు మూడుసార్లు స్నానం. దగ్గు పట్టుకుంది. మానలేదు.

నేను పొద్దున్నే లేచి మొదట చేసే పని, కుండలో నీళ్ళలోకి తొంగిచూడడం. భయం వేస్తుందా? వేస్తుంది. అది నా భయమా, జబ్బు భయమా? ఎట్లా తెలుస్తుంది? చెంబుతో ముంచుకుని తాగి, దిగితే ఆ పూటకు ఊపిరి. చేతి గాయం దురద పెట్టినా, కడుపులో బిడ్డ కొంచెంసేపు కదలకపోయినా నిలువునా నీరైపోయేదాన్ని.

ఆదివారం నాడు అన్నదమ్ములు గొడవపడ్డారు. "అన్నా, కుక్క ప్రాణం మీద వదిన ప్రాణం పెడతావా? ఈ పొద్దే బెంగళూరికి పిలుచుకుపో!" అన్నాడు శీనయ్య.

"బిడ్డ ప్రాణం ఎవురి మీద పెట్టేదో అది గూడా నువ్వే చెప్పరా!" అని మా ఆయన గట్టిగా అరిచాడు. ఆయన అట్లా అరవడం నేనెప్పుడూ వినలేదు. అరిచి, నా వైపు తిరిగి, గొంతు దించి, "నువ్వేమంటావు?" అన్నాడు. అన్ని రోజుల్లో నన్ను అడగడం అదే మొదలు.

"శుక్రవారం దాకా చూద్దాం" అన్నాను. ధైర్యంతో అనలేదు. రెండు భయాల్లో ఏది పెద్దదో నాకే తెలియలేదు.

సోమవారం వాడు అంబలి ముట్టలేదు. మంగళవారం పొద్దున తల నేల మీదనుంచి ఎత్తలేదు. నోటి కింద మట్టి రక్తంతో తడిసి ఉంది. శీనయ్య ట్రంకు పెట్టె దించి, నా చీరలు మడతపెట్టమని అత్తమ్మకు చెప్పాడు. మా ఆయన చిక్కబళ్ళాపురానికి పోయాడు. పశువుల డాక్టరు పక్క ఊళ్ళో గాలికుంటు వచ్చిన పశువుల మధ్య ఉన్నాడని తెలిసి అక్కడికే పోయి కలిశాడు. ఆయన రాలేనన్నాడు. ఒక పెద్ద ఇత్తడి పిచికారీ ఇచ్చి, "గడ్డకట్టిన రక్తం గొంతుకు అడ్డం పడుంటాది. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో దూరం నుంచే కడగండి, తర్వాత తాగుతాడు" అని చెప్పి పంపాడు.

ఆ సాయంత్రం అత్తమ్మ చేతులకు మోచేతుల దాకా గోనెపట్ట చుట్టుకుంది. చాట అడ్డం పెట్టుకుని, పిచికారీతో కొంచెం కొంచెంగా వాడి నోట్లోకి నీళ్ళు కొట్టింది. ఎర్రటి ముద్దలు బయటపడ్డాయి. వాడు మూలిగాడు గానీ పళ్ళు చూపలేదు. నేను గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉన్నాను.

"తాగు నాయనా" అంటోంది అత్తమ్మ. "ఇంక మూడు దినాలు. మూడంటే మూడు. నీకు నొప్పి, తెలుసురా నాకు. మాకోసరం తాగరా."

ఎంతసేపు కూచుందో. వాడు మూతి ముందుకు జరిపి, అంబలిలో పెట్టి, ఒక గుక్క పీల్చాడు. తర్వాత ఇంకొకటి. నేను గడప మీదే కూచుండిపోయాను. లోపల శీనయ్య ట్రంకు పెట్టె మూత వేసిన చప్పుడు వినిపించింది. కానీ దాన్ని అటక మీదికి ఎక్కించలేదు.

బుధవారం, గురువారం గడిచాయి. ఎట్లా గడిచాయో రాయలేను. వాడి పొట్ట ఎగసిపడడం చూస్తూ కూచునేదాన్ని. రెండు ఊపిర్ల మధ్య ఆలస్యమైతే నా ఊపిరి ఆగేది.

శుక్రవారం పొద్దున డాక్టరు వచ్చాడు. కరియ తల ఎత్తాడు. తోక నేలకు ఒకసారి కొట్టాడు. డాక్టరు దగ్గరికి పోయి కూచుని, కళ్ళలోకి చూసి, కాళ్ళు కదిలించి చూసి, లేచి నాతో అన్నాడు. "బెంగళూరికి పోయే పని లేదమ్మా. వీడికి పిచ్చి లేదు. నీకు భయం లేదు."

సంతోషించాలి కదా. మా ఆయన స్తంభానికి ఆనుకుని ముఖం దాచుకున్నాడు. నాకు మాత్రం సంతోషం రాలేదు. భయం అన్ని రోజులు లోపల ఉండి ఇల్లు కట్టుకుంది, పొమ్మంటే ఎట్లా పోతుంది? డాక్టరు సంచిలోంచి మందు సీసా తీస్తూ, "ఇంక వీడిని ఈ బాధ నుంచి వదిలిపెడదాం" అన్నాడు. అప్పుడు నేను అన్నాను. "ఇంకొక్క వారం ఉంచుదాం సార్. పూర్తిగా తెలిసిపోతాది."

"పది దినాలంటే పదే అమ్మా. ఇంక తెలిసేదేమీ లేదు."

"ఒక్క వారం" అన్నాను మళ్ళీ.

అత్తమ్మ కుక్క పక్కన నేల మీద కూచుని ఉంది. నా వైపు చూసింది. కోపంగా చూడలేదు. "రుక్కూ, నీ భయానికి వాడినెన్ని దినాలు కూడు తినమంటావు తల్లీ?" అంది.

 నేను వెళ్ళి వాడి దగ్గర కూచున్నాను. కరిచిన తర్వాత మొదటిసారి వాడి తల మీద చెయ్యి పెట్టాను. ఎముక మీద చర్మం, అంతే ఉంది. వాడు నా చేతిని వాసన చూసి, గడ్డం నా మోకాలి మీద ఆనించాడు. నోరు తెరుచుకునే ఉంది. డాక్టరు సూది వేశాడు. చాలాసేపు పట్టలేదు. కొట్టం వెనకాల మా ఆయనా, శీనయ్యా గుంట తవ్వారు. గడ్డపార పట్టుకున్న శీనయ్య చేతులు ఆడక, మా ఆయనే ఎక్కువ తవ్వాడు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. కాన్పుకు చింతామణికి మా పుట్టింటికి వెళ్ళాను. శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. ఆరోగ్యంగా ఉంది, ఇప్పుడు బడికి పోతోంది. బిడ్డ పుట్టేదాకా నా భయం పూర్తిగా పోలేదు. తర్వాత కూడా చాలా నెలలు ఉండి, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది.

మేం ఎదురుచూసినట్టు మీరు చూడకండి. మా అదృష్టం అట్లా తిరిగింది గానీ, ఆస్పత్రి డాక్టరు ఆ రోజే పొమ్మన్నాడు. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో కడిగి ఆస్పత్రికి పొండి. కారం పెట్టకండి. మీ ఇంటి కుక్కో పిల్లో ఒక పక్కనే నమిలితే, నోరు వాసన వస్తే, నీళ్ళలో ఎరుపు కనిపిస్తే, ఎముక గుచ్చుకుందిలే అనుకోకండి. పశువుల డాక్టరుతో నోరు తెరిపించి చూడండి. మా కరియ మాకు రెండు నెలలు చెప్పాడు. వాడికి చెప్పడానికి వేరే దారి లేదు.

చివరికి ఉంచుకున్న మాట ఒకటుంది. కరియను పూడ్చిన ఆ శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన చేతుల మట్టి కడుక్కుని వచ్చి, అలవాటుగా పీట వాల్చుకుని కూచున్నాడు. పొద్దుటినుంచి ఎవరమూ ఏమీ తినలేదు. అత్తమ్మ అప్పుడే బావి దగ్గర తలకు పోసుకుని వచ్చింది. వంటింట్లోకి పోలేదు. గడప అవతలే, తడిజుట్టు విరబోసుకుని, గోడకు ఆనుకుని కూచుంది.

"అమ్మా, అన్నం?" అన్నాడు మా ఆయన.

ఆమె కొడుకు ముఖంలోకి ఆశ్చర్యంగా చూసింది.

"సావు జరిగిన ఇంట్లో ఆ పూట పొయ్యి ముట్టిస్తారట్రా?" అంది.